పేపర్లో పేరు పడింది, ఆట పడలేదు

ఆగస్టు నుంచి నవంబరు దాకా నెల్లూరు, ప్రకాశం జిల్లాల పేజీలు తిరగేస్తే ‘జిల్లా స్థాయి పోటీలకు ఎంపిక’ అనే హెడ్డింగు కనపడని వారం ఉండదు. కింద ఒక ఫొటో. ముందు కుర్చీల్లో నలుగురు పెద్దలు, వెనక ఎండకి కళ్ళు చికిలించుకుంటూ పన్నెండుమంది ఆడపిల్లలు. ఫొటో కింద దాదాపు ఈ మాటలే ఉంటాయి: ‘మండల స్థాయి ఖోఖో పోటీల్లో తమ పాఠశాల విద్యార్థినులు ప్రతిభ కనబరిచి జిల్లా స్థాయికి ఎంపికయ్యారని ప్రధానోపాధ్యాయుడు తెలిపారు. ఈ సందర్భంగా విద్యార్థినులను, శిక్షణ ఇచ్చిన వ్యాయామోపాధ్యాయురాలిని ఎంఈవో, సర్పంచి, పాఠశాల కమిటీ ఛైర్మన్, ఉపాధ్యాయ బృందం అభినందించారు.’

ఇప్పుడు చెప్పండి, ఆ పిల్లలు ఎవరి మీద గెలిచారు? ఎన్ని పాయింట్లతో? చివరిదాకా అవుట్ కాకుండా నిలబడ్డ పిల్ల ఎవరు? అసలు పోటీ ఏ గ్రౌండ్‌లో జరిగింది? వార్త మొత్తం వెతికినా దొరకదు. ఆటంతా ‘ప్రతిభ కనబరిచి’ అన్న రెండు మాటల్లో దూరిపోయింది. అభినందనకి మాత్రం ఒక నిండు వాక్యం ఉంది.

ఎవరినో తప్పుపట్టడానికి చెప్పడం లేదు. జిల్లా డెస్క్‌లో, అంటే విలేకర్లు పంపిన వార్తలు దిద్ది జిల్లా పేజీ కూర్చే చోట, కొన్నేళ్ళు పనిచేసినవాణ్ణి. ‘ప్రతిభ కనబరిచి’ అని నా చేత్తో ఎన్నిసార్లు వేశానో లెక్కలేదు. ఒకసారైనా ‘స్కోరెంత?’ అని విలేకరికి ఫోన్ చేసి అడిగిన గుర్తు లేదు. ఎందుకు అడగలేదు అన్నది చాలా కాలం తర్వాత తట్టింది.

బయటివాళ్ళు సులువుగా చెప్పే కారణం ఒకటుంది: మనవాళ్ళకి క్రికెట్ తప్ప ఇంకో ఆట పట్టదు, విలేకరికి ఆటల గురించి తెలీదు. ఇది నిజమైతే ఒంగోలు చుట్టుపక్కల తిరునాళ్ళ వార్తలు కూడా ఇలాగే ఉండాలి. సంక్రాంతికో, శివరాత్రికో, శ్రీరామనవమికో జరిగే ఎడ్ల బండలాగుడు పోటీల వార్త ఒకసారి తీసి చూడండి. ఏ ఊరు, యజమాని ఎవరు, ఎడ్ల వయసుని పళ్ళతో లెక్కేసే విభాగాల్లో రెండు పళ్ళదా, ఆరు పళ్ళదా, సీనియర్సా, ఇచ్చిన టైములో బండని ఎన్ని అడుగులు లాగాయి, మొదటి బహుమతి ఎంత, ఆ డబ్బు ఎవరిచ్చారు, అన్నీ ఉంటాయి. కొన్నిసార్లు అడుగుల పక్కన అంగుళాలు కూడా వేస్తారు. అదే మండలం, అదే విలేకరి, అదే డెస్క్. ఎడ్ల జతకి అంగుళాలతో సహా లెక్క ఉంటుంది, ఎనిమిదో తరగతి పిల్లకి ‘ప్రతిభ’ ఒక్కటే మిగులుతుంది.

తేడా ఎక్కడ వచ్చింది? బండలాగుడు దగ్గర కమిటీవాళ్ళు టేపు పెట్టి కొలుస్తారు. మైకులో చెబుతారు. బోర్డు మీదో పుస్తకంలోనో రాస్తారు. ఓడినవాడు ఒప్పుకోవాలి కాబట్టి అంకె అందరి ముందూ తేలాలి. విలేకరి అక్కడ లేకపోయినా రాత్రి కమిటీ మనిషికి ఫోన్ చేస్తే గడగడా చదివి వినిపిస్తాడు. అంటే వార్తకి కావలసిన సరుకు మైదానంలోనే తయారవుతోంది. స్కూలు ఆటల దగ్గర అది తయారు కాదు. తయారైనా ఒక కాగితం మీద ఉండి, సాయంత్రానికి పీఈటీ సారు సంచిలోకి వెళ్ళిపోతుంది.

అసలు మన స్కూలు పోటీలు నడిచే తీరే వేరు. స్కూల్ గేమ్స్ ఫెడరేషన్ ఆఫ్ ఇండియా 1954లో పుట్టింది. మనవాళ్ళందరూ ఎస్‌జీఎఫ్ అంటారు. అండర్-14, అండర్-17, అండర్-19 అని వయసు విభాగాలు. మండలంలో మొదలై మధ్యలో నియోజకవర్గమో డివిజనో దాటి, జిల్లా, రాష్ట్రం, జాతీయం దాకా మెట్లు. చూడటానికి నిచ్చెనలాగా బాగుంటుంది. చిక్కేమిటంటే ఇందులో సీజన్ అన్నది లేదు. మా స్కూలు ఈ శుక్రవారం మీ స్కూలుతో, వచ్చే శుక్రవారం ఇంకో స్కూలుతో ఆడే ఏర్పాటు లేదు. ఒకరోజు పొద్దున పిల్లలు పుట్టినతేదీ కాగితం, స్టడీ సర్టిఫికెట్, హెడ్‌మాస్టర్ సంతకం పెట్టిన ఎంట్రీ ఫారం పట్టుకుని వస్తారు. కబడ్డీ అయితే ముందు బరువు తూస్తారు. నాలుగు మ్యాచ్‌లు ఆడిస్తారు. సాయంత్రానికి అన్ని స్కూళ్ళ నుంచి బాగా ఆడినవాళ్ళని ఏరి పై స్థాయి జట్టు కడతారు. పేరుకి పోటీలు. జరిగేది సెలక్షన్. గెలిచిన స్కూలు పిల్లలందరూ పైకి వెళ్ళరు, ఓడిన స్కూలు నుంచి ఒకడు వెళ్ళొచ్చు. అలాంటప్పుడు మ్యాచ్ ఫలితం ఎవరికి కావాలి? కావలసింది లిస్టు. అందుకే మన దగ్గర స్కూలు ఆట ఆటగా కాక ‘ఎంపిక’గానే వార్త అవుతుంది. ఆ మాట విలేకరి కనిపెట్టింది కాదు, వ్యవస్థ ఇచ్చింది.

దీనికి తోడు కాలం. కోస్తాలో మన రెండు జిల్లాలకి అసలు వాన ఈశాన్య రుతుపవనాలతో వస్తుంది. అక్టోబరు, నవంబరు నెలల్లో అల్పపీడనం అంటే ముందు స్కూళ్ళకి సెలవు, తర్వాత గ్రౌండ్‌లో నీళ్ళు. సెలక్షన్లు సరిగ్గా ఆ రోజుల్లోనే ఉంటాయి. రెండు రోజుల్లో జరగాల్సినవి ఒక్క పూటలో ముగించేస్తారు. నెల్లూరు ఏసీ సుబ్బారెడ్డి స్టేడియం లాంటి చోట ఒకే పొద్దున ఓ మూల వాలీబాల్, ఓ మూల ఖోఖో, మధ్యలో పరుగుపందాలు సాగుతుంటే ఒక్క మనిషి ఎన్ని స్కోర్లు రాసుకుంటాడు?

ఇక పేపర్ వైపు సంగతి. మండలంలో వార్తలు రాసే మనిషి చాలాచోట్ల ఉద్యోగి కాడు, కంట్రిబ్యూటర్. చిన్న కొట్టో, ఎల్‌ఐసీ ఏజెన్సీయో, కొంచెం పొలమో చూసుకుంటూ వార్తలు పంపిస్తాడు. అతనికి వచ్చేది చాలాకాలంగా ‘లైన్ అకౌంట్’, అంటే అచ్చయిన వార్త కొలతకి ఇంత అని. సంపాదన యాడ్స్ కమీషన్ మీద. రోజంతా గ్రౌండ్‌లో కూర్చుని ఖోఖో చూసి రాసినా, ఫోన్లో వచ్చిన ప్రెస్‌నోట్ ఫార్వర్డ్ చేసినా అచ్చయ్యేది ఒకే సింగిల్ కాలమ్, వచ్చేది ఒకే డబ్బు. పెట్రోలు మాత్రం మొదటిదానికే అవుతుంది. అతని చోట ఎవరున్నా రెండోదే చేస్తారు. ఇందులో స్కూళ్ళు ఇంకో రకంగానూ ముడిపడి ఉంటాయి. వేసవిలో అడ్మిషన్లప్పుడు, పదో తరగతి ఫలితాలప్పుడు యాడ్ ఇచ్చేది ప్రైవేటు స్కూళ్ళే. యాడ్ ఇచ్చిన స్కూలు ఫొటో పంపితే ‘కొంచెం చూడండి సార్’ అని విలేకరి నుంచి ఫోన్ వస్తుంది. జిల్లాపరిషత్ హైస్కూలు తరఫున ఎవరూ ఫోన్ చేయరు. నిజానికి ఖోఖో, కబడ్డీ బలం ఎక్కువగా ఆ స్కూళ్ళలోనే ఉంటుంది, ఎందుకంటే ఇంకా గ్రౌండు మిగిలింది అక్కడే.

ప్రెస్‌నోట్ ఎలా వస్తుందో దగ్గరగా చూస్తే అసలు కథ తెలుస్తుంది. సాయంత్రం ఆరున్నర దాటాక వాట్సాప్ గ్రూపులో పడుతుంది. పీఈటీ సారు రాస్తాడు, హెడ్‌మాస్టర్ దిద్దుతారు. మొదటి వాక్యంలో హెడ్‌మాస్టర్ తెలిపారు. రెండో వాక్యంలో అధికారులు అభినందించారు. పిల్లల పేర్లు చిట్టచివర, కామాలు పెట్టుకుంటూ వరసగా. ఇందులో దురుద్దేశం ఏమీ లేదు. ఎంఈవో పేరు ముందు లేకపోతే రేపు పీఈటీ సారుకే మాట వస్తుంది. పిల్లల వైపు నుంచి ఏ మాటా రాదు.

ఇప్పుడు ఆ నోట్ డెస్క్‌కి చేరుతుంది. రాత్రి పేజీ పెడుతుంటే స్థలం చాలదు. పత్రికల్లో మొదటినుంచీ ఉన్న సూత్రం ఒకటే: కింద నుంచి కొయ్యి. ముఖ్యమైనది పైన ఉంటుందని నమ్మకం. మూడు లైన్లు తగ్గాలంటే కింది మూడు లైన్లు ఎగిరిపోతాయి. ఆ మూడు లైన్లే పిల్లల పేర్లు. కుర్చీల్లో కూర్చున్నవాళ్ళు అందరూ పేపర్లో పడతారు, ఆడినవాళ్ళు ‘తదితరులు’ అవుతారు. ఎవరూ కావాలని చేయలేదు. ఒక చోట మర్యాద కోసం పెట్టిన వరస, ఇంకో చోట తొందరలో పెట్టిన కత్తెర, రెండూ కలిసి చేసిన పని ఇది.

నా చేతి కత్తెరకి ఒకసారి నేనే దొరికిపోయాను. కొత్తపట్నం వైపు ఒక పల్లెలో ఒక అమ్మాయి రాష్ట్ర స్థాయికి ఎంపికైంది. మూడు రోజులు వేరే జిల్లాలో ఉండాలంటే తండ్రి ససేమిరా అన్నాడు. ‘పేపర్లో పడుతుంది అన్నా, ఊరంతా చూస్తారు’ అని పీఈటీ సారు ఒప్పించే ప్రయత్నం చేశాడు. మర్నాడు ఆ తండ్రి టీకొట్టు దగ్గర పేపరు తీసుకుని వెతికాడు. ఫొటో ఉంది, కూతురు మొహం వెనక వరసలో సగం కనపడుతోంది, పేరు లేదు. సారు నాకు ఫోన్ చేశాడు, కోపంగా కాదు, బతిమాలుతున్నట్టు: ‘ఇంకోసారి వేయడానికి వీలవుతుందా సార్, పేరు ఒక్కటి.’ పేజీలో సవరణ వేయాలంటే పది ప్రశ్నలు వస్తాయి. చివరికి రెండు రోజుల తర్వాత వేరే వార్త పెట్టి పేరు ముందు వేశాం. అమ్మాయి వెళ్ళింది. ఆ వార్త కటింగ్ లామినేషన్ చేయించి ఇంట్లో దేవుడి పటాల పక్కన పెట్టారని తర్వాత తెలిసింది.

ఆ కటింగ్‌కి ఆఫీసుల్లో విలువ సున్నా. ఇది చాలామంది తల్లిదండ్రులకి తెలీదు కాబట్టి కొంచెం వివరంగా చెప్పాలి. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగాల్లో క్రీడల కోటా కింద అడగాలంటే నిర్ణీత ఫారాలు ఉన్నాయి. అంతర్జాతీయ పోటీలకి ఫారం-1, జాతీయానికి ఫారం-2, యూనివర్సిటీ స్థాయికి ఫారం-3, జాతీయ స్కూల్ గేమ్స్‌లో ఆడినవాళ్ళకి ఫారం-4. ఈ చివరిదాని మీద విద్యాశాఖ డైరెక్టరేట్‌లో స్కూలు ఆటల బాధ్యత చూసే అధికారి సంతకం ఉండాలి. పేపర్ కటింగ్ ఎన్ని లామినేషన్లు చేయించినా ఆ కాగితానికి బదులు కాదు. అయినా కటింగ్ పనిచేసే చోటు వేరే ఉంది: ఇల్లు, ఊరు, మేనమామలు. ముఖ్యంగా ఆడపిల్లకి. పెళ్ళి మాట ఎత్తే బంధువుల నోరు ఒక ఏడాది మూయించగలిగింది ఏదైనా ఉందంటే ఆ అరచేతి ముక్కే. అందుకే పేరు తెగిపోవడం చిన్న విషయం కాదు.

జిల్లా పేజీకి ఇంత బలం ఉందని ముందుగా చూపించింది నెల్లూరు జిల్లానే. అసలు నెల్లూరుకి స్థానిక పత్రిక కొత్త కాదు, జమీన్ రైతు వారపత్రిక స్వాతంత్ర్యానికి ముందు నుంచీ ఉంది. 1989లో ఈనాడు జిల్లాకొక అనుబంధం మొదలుపెట్టింది, మిగతా పత్రికలూ అదే దారి పట్టాయి. మూడేళ్ళకి, 1992లో, కలిగిరి మండలం దూబగుంటలో ఆడవాళ్ళు సారా దుకాణం మీద తిరగబడ్డారు. ఒక్క ఊరి గొడవగా ఆగిపోవాల్సింది ఊరూరికీ పాకింది. అందులో రోజూ ఆ కబురు మోసిన జిల్లా పేజీల వాటా చిన్నది కాదు. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రంలో సారా నిషేధం అమల్లోకి వచ్చింది. పక్క ఊళ్ళో ఏం జరిగిందో అచ్చులో చూసుకుంటే మనిషికి ఎంత ధైర్యం వస్తుందో ఈ జిల్లాకి వేరే చెప్పక్కర్లేదు.

అయితే అదే జిల్లా పేజీకి ఒక గోడ కూడా ఉంది. స్కూలు ఆటల విషయంలో అన్నిటికన్నా పెద్ద చిక్కు ఇదేనని నా అభిప్రాయం. కొండపి కుర్రాడు రాష్ట్ర స్థాయి కబడ్డీకి కర్నూలు వెళ్ళాడనుకుందాం. వెళ్ళేటప్పుడు ప్రకాశం పేజీలో ఫొటో పడుతుంది. కర్నూలులో మూడు రోజులు పోటీలు జరుగుతాయి. ఆ వార్తలు కర్నూలు పేజీలో వస్తాయి. ప్రారంభం రోజు ఎమ్మెల్యే కూతకి వెళ్తున్నట్టు ఫొటో, చివరిరోజు విజేతల పేర్లు రెండు లైన్లు. ఆ పేజీ ఒంగోలులో దొరకదు. ప్రకాశం జట్టు సెమీస్‌కి వెళ్ళిందా, మొదటి మ్యాచ్‌లోనే వెనక్కి వచ్చిందా అన్నది కొండపిలో చదివేవాడికి తెలిసే దారి లేదు. చెప్పగలిగిన ఒకే మనిషి జట్టుతో వెళ్ళిన పీఈటీ సారు. ఆయన అప్పుడు పన్నెండుమంది పిల్లల అన్నాలు, స్నానాలు, తిరుగు బస్సులో సీట్లు చూసుకునే హడావుడిలో ఉంటాడు. వచ్చాక చెబుదామంటే డెస్క్‌కి అది పాత వార్త.

అలా మన పేపర్లలో పిల్లలు బయల్దేరుతూనే ఉంటారు, ఎక్కడికీ చేరరు. ఎంపికయ్యారు, ఎంపికయ్యారు, ఎంపికయ్యారు. ఆ తర్వాత మాట లేదు.

జిల్లాల విభజనతో ఈ గోడ కాస్త వంకర తిరిగింది. 2022 ఏప్రిల్ 4న చీరాల, పర్చూరు వైపు బాపట్ల జిల్లాలోకి, గూడూరు, సూళ్ళూరుపేట వైపు తిరుపతి జిల్లాలోకి వెళ్ళాయి. కందుకూరు అప్పట్లో ప్రకాశం నుంచి నెల్లూరుకి వచ్చింది. క్రీడల వార్తల్లో మాత్రం ‘ఉమ్మడి జిల్లా’ అన్న మాట ఆ తర్వాతా వదల్లేదు. జట్టులో పిల్లలు ఒక లెక్కన, పేజీలు ఇంకో లెక్కన. ఒకే జట్టులో ఆడిన ఇద్దరు పిల్లల్లో ఒకడి ఫొటో ఈ పేజీలో, ఇంకొకడిది ఆ పేజీలో. పుల్లెల గోపీచంద్ పుట్టిన నాగండ్లనే తీసుకోండి. 2001లో ఆయన ఆల్ ఇంగ్లండ్ గెలిచినప్పుడు అది ప్రకాశం జిల్లా ఊరు, ఇప్పుడు బాపట్ల జిల్లా ఊరు. ‘మనవాడు’ అని రాసుకునే హక్కు ఏ పేజీది అన్నది డెస్కులు తేల్చుకోవాలి.

అమెరికాలో చిన్న ఊళ్ళ పత్రికలకి హైస్కూలు ఆటలే ఊపిరి అని వింటుంటాం. నిజమే, కానీ అక్కడ పునాది వేరు. శరత్కాలమంతా శుక్రవారం రాత్రి ఫుట్‌బాల్, అంటే వాళ్ళ ఫుట్‌బాల్. ఏ వారం ఎవరు ఎవరితో ఆడేదీ ముందే అచ్చయి ఉంటుంది. ఊరు టికెట్ కొనుక్కుని వచ్చి కూర్చుంటుంది. మ్యాచ్ అయ్యాక కోచ్ పత్రికకి ఫోన్ చేసి స్కోరు, ఎవరెన్ని చేశారో చెప్పడం పాత అలవాటు. అంకెలు అంత పద్ధతిగా పోగుపడ్డాయి కాబట్టే వాళ్ళకి ఇంకో రకం తిప్పలు వచ్చాయి. 2023 ఆగస్టులో గానెట్ అనే పెద్ద పత్రికల కంపెనీ కొన్ని చోట్ల హైస్కూలు మ్యాచ్ వార్తలు ఏఐతో రాయించింది. కొలంబస్ డిస్పాచ్ పత్రిక వెబ్‌సైట్‌లో ఒక వార్తలో గెలిచిన జట్టు ముద్దుపేరు ఉండాల్సిన చోట ఆ పేరు నింపడానికి వదిలిన ఖాళీ గుర్తు అలాగే వచ్చేసింది. జనం నవ్వారు, కంపెనీ ఆ ప్రయోగం ఆపింది.

చదివి నేనూ నవ్వాను. తర్వాత మన ‘ఎంపిక’ వార్త గుర్తొచ్చింది. స్కూలు పేరు, స్థాయి, ఆట, అభినందించినవాళ్ళు. నాలుగు ఖాళీలు నింపితే వార్త తయారు. యంత్రం రాకముందే ఆ పని మనం చేత్తో చేసేస్తున్నాం. కాకపోతే వాళ్ళ యంత్రానికి స్కోరు తెలుసు.

మరి మార్గం? పేజీలు పెరుగుతాయని నేను అనుకోను. కోవిడ్‌కి ముందే కాగితం ధర పత్రికల్ని పిండుతోంది, ఆ తర్వాత పేజీలు ఇంకా తగ్గాయి. కంట్రిబ్యూటర్‌కి జీతం వస్తుందనీ అనుకోను. బండలాగుడు కమిటీ చేస్తున్న పని మాత్రం స్కూళ్ళు చేయగలవు, దానికి పైసా ఖర్చు లేదు. స్కోరు షీటు ఎలాగూ రాస్తున్నారు. దాన్ని ఒక ఫొటో తీసి ప్రెస్‌నోట్‌తో పాటు పంపడం. నోట్‌లో మొదటి లైనులో ఆట, రెండో లైనులో పిల్లల పేర్లు, తర్వాత ఎంఈవో గారు. కత్తెర ఎలాగూ కింద నుంచే పడుతుంది కాబట్టి అభినందన తెగుతుంది, పేర్లు మిగులుతాయి. డెస్క్ వైపు నుంచి కావాల్సింది ఇంకా చిన్నది. రాష్ట్ర స్థాయికి వెళ్ళిన జట్టు గురించి నాలుగో రోజున పక్క జిల్లా ఎడిషన్‌కి ఒక్క ఫోన్. ఒకే కంపెనీ, ఒకే కంప్యూటర్ వ్యవస్థ. అడగాలన్న ధ్యాస ఒక్కటే లేదు.

ఇది పనిచేస్తుందని ఒక్క ఉదాహరణతో చెబుతున్నాను, అంతకంటే గొప్ప రుజువు నా దగ్గర లేదు. డెస్క్ వదిలేశాక పరిచయమున్న ఒక పీఈటీ సారుకి ఈ వరస మార్పు సంగతి చెప్పాను. ‘హెడ్‌మాస్టర్ ఊరుకోరు సార్’ అన్నాడు ముందు. ‘ఆయన పేరు తీసేయమనలా, కిందకి దించమన్నా’ అన్నాను. తర్వాత సెలక్షన్లప్పుడు ప్రయత్నించాడు. వార్త చిన్నదే పడింది, ఫొటో కూడా లేదు. కానీ మొదటి వాక్యంలోనే ఖోఖో ఫైనల్ 14-11 అని ఉంది. చివరి టర్న్‌లో ఎక్కువసేపు నిలబడ్డ అమ్మాయి పేరు ఉంది.

ఆ మధ్యాహ్నం ఆయన నాకు ఫోన్ చేశాడు. గొంతులో నవ్వు, చిరాకు రెండూ ఉన్నాయి. ఓడిన స్కూలు పీఈటీ మేడమ్ పొద్దున్నే ఫోన్ చేసి గట్టిగా వేసుకుందట: ‘పదకొండు ఏంది సార్, మా పిల్లలవి పన్నెండు. షీటు తియ్యండి, చూద్దాం.’